సుగుణమ్మ గారు నోరు తెరవని మూడు రోజులు

నిరుడు ఫిబ్రవరి రెండో శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. కెనడాలోని గ్వెల్ఫ్ ఊళ్లో నేను పనిచేసే వృద్ధాశ్రమం. నేను పీఎస్‌డబ్ల్యూని, అంటే ముసలివాళ్లకు స్నానం చేయించి, బట్టలు తొడిగి, అన్నం తినిపించే మనిషిని. మూడు రోజులు సెలవు పెట్టి అప్పుడే వచ్చాను.

సుగుణమ్మ గారిది భీమవరం. మతిమరుపు జబ్బు ఆమె ఇంగ్లీషంతా తుడిచేసింది, తెలుగు ఒక్కటే మిగిలింది. ఎవరు ఎంత తిన్నారో రాసే ఇన్‌టేక్ చార్ట్‌లో ఆమెకు మూడు మధ్యాహ్నాలూ సున్నాలే, మిగతా పూటలు రెండు మూడు చెంచాలు. ఇవాళా తినకపోతే ఆస్పత్రికి పంపుతామంది నర్సు గ్రేస్. ఆ వయసులో వెళ్లినవాళ్లు తిరిగొచ్చింది తక్కువ.

మనవరాలు హన్నా ఇక్కడే పుట్టింది, యూనివర్సిటీలో చదువుతోంది. నాన్నమ్మ కోసం ఫోన్‌లో ఏఐ దగ్గర తెలుగు నేర్చుకుంది. ఆ మూడు రోజులూ క్లాసుల మధ్య పరుగెత్తుకొచ్చి తనే తినిపించబోయింది. ఆ శుక్రవారం కూడా నా ఎదుటే కంచం పట్టుకుని కూర్చుంది.

"నాన్నమ్మా, అన్నం తిను."

"నువ్వు తిన్నావా?" సుగుణమ్మ గారికి పిల్ల పేరు గుర్తులేదు, తన పిల్లేనని మాత్రం తెలుసు.

"లేదు. క్లాస్ అయ్యాక తింటాను."

ముసలావిడ కంచాన్ని హన్నా వైపు నెట్టి, మూతి బిగించింది.

"నా తెలుగు రాంగా, ఆంటీ?" పిల్ల కళ్లలో నీళ్లు. "రోజూ గంట ప్రాక్టీస్ చేస్తున్నా."

"నీ తెలుగుకేం, బాగానే ఉంది. నువ్వు పస్తుండి ఆవిణ్ణి తినమంటే ఎలా తింటుందే?"

"అయితే తిన్నానని చెప్పేయనా?"

"నీ మొహం చూస్తే తెలియదూ? తిని చెప్పు."

రోగుల భోజనం బయటివాళ్లు ముట్టకూడదని రూలు. అందుకని నా డబ్బాలో పెరుగన్నం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాను. స్పూను అడిగింది. చేత్తో తినమన్నాను.

హన్నా నాలుగు ముద్దలు తినేదాకా సుగుణమ్మ గారు చూసింది. "ఇంత మెల్లగా తింటే నీ కాలేజీ మూసేస్తారు" అని, తన నోరు తెరిచింది.

నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఇప్పటికీ చార్ట్ రాయాలంటే చెయ్యి బిగుసుకుంటుంది. ఆ రోజు ఎవరినీ అడక్కుండా 'సగం' అని ఇంగ్లీషులో రాశాను.

తినిపించడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. రాదు. తినమనేముందు ఎదుటివాళ్లు ఎవరి ఆకలి గురించి ఆలోచిస్తున్నారో కనుక్కోవాలని అప్పుడు తెలిసింది.

ఆ గదిలో ఆ రోజు ఉన్నది సుగుణమ్మ గారు, హన్నా, గుమ్మంలో నిలబడి చూసిన నర్సు గ్రేస్, నేను కాంతమ్మ.