ధవళేశ్వరం బంగళాలో ఫైర్‌ప్లేస్

వానకు తడిసిన పాత సున్నపు గోడ వాసన తగిలితే నాకు ముందు సుభద్ర గారు గుర్తొస్తారు, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. ఆవిడ రాజమండ్రిలో ఆర్కిటెక్టు. చదువు పూర్తయ్యాక నేను మొదట చేరింది ఆవిడ దగ్గరే. ఆవిడ పోయి ఏళ్లు గడిచినా నా అసూయ మాత్రం తగ్గలేదు.

ధవళేశ్వరంలో గోదావరి గట్టు మీద, కాలవల పని చూసిన ఏదో ఇంగ్లీషు దొర కట్టుకున్న బంగళా ఉంది. బట్టల వ్యాపారి ఒకాయన దాన్ని కొని, హోటల్‌గా మార్చమని మాకు అప్పగించారు. దొర అచ్చం తన ఊళ్లో ఇల్లులాగే కట్టించుకున్నాడు. ఏటవాలు కప్పు, నిలువెత్తు కిటికీలు, హాల్లో చలిమంటకి గోడలో గూడులా కట్టిన ఫైర్‌ప్లేస్, దాని పైన పొగగొట్టం. వేసవంతా చెమటలు కక్కుతూ ప్రతి గదీ నేనే కొలిచాను. ఫైర్‌ప్లేస్ కొట్టేసి అక్కడ రిసెప్షన్ పెడదామని ప్లాను గీశాను. ఓనరు గారికి తెగ నచ్చింది. నా చేత్తో గీసిన మొదటి ప్లాను అది. అది అలాగే నిలబడాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

సుభద్ర గారు వచ్చి కుర్చీ వేయించుకుని, ఫైర్‌ప్లేస్ ఎదురుగా కూర్చుని నింపాదిగా కాఫీ తాగారు. తర్వాత లేచి, లోపలంతా చేత్తో తడిమి, అరచెయ్యి ఓనరు గారికి చూపించారు.

"మసి మరక కూడా లేదండి, ఇటుక ఎర్రగానే ఉంది. ఇందులో ఎప్పుడూ నిప్పు వెయ్యలేదు. మన ఎండల్లో ఎవరు వేస్తారండి? సొంతూరి మీద బెంగతో కట్టుకున్నాడు. ఇది తీసేస్తే మనకి మిగిలేది గోడలే."

ఆయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. నా ప్లాను బుట్టదాఖలైంది. ఆ గూటి లోతు కొలిచినప్పుడు నా చెయ్యీ శుభ్రంగానే బయటికి వచ్చింది. కడుక్కునే పని తప్పిందని సంతోషించాను, అంతే. ఈవేళ ఆ హోటల్లో దిగినవాళ్లంతా ఆ ఖాళీ గూటి ముందే నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

ఆ రోజు తిరిగి వస్తూ కారులో ఉక్రోషం ఆపుకోలేక, ఇవన్నీ మీ ఒక్కరికే ఎలా కనిపిస్తాయండీ అని అడిగేశాను. తన చిన్నతనమంతా అద్దె వాటాల్లోనే గడిచిందని, గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లని అడగాల్సి వచ్చేదని చెప్పారావిడ.

"ఏ ఇల్లు చూసినా నాకు ముందు కుళ్ళొస్తుందమ్మా. ఎందుకు కుళ్ళుకుంటున్నానో తేలేదాకా టేపు ముట్టుకోను. బెంగపెట్టుకోడానికి ఆ దొరకి ఓ ఇల్లుంది చూడు, అందుకు కుళ్ళుకున్నాను."

నేను పుట్టి పెరిగింది మా తాతగారు కట్టిన మేడలో. ఇప్పుడు నాకూ సొంత ఆఫీసుంది. ఏ పాత ఇల్లు అప్పగించినా, ఆవిడ చెప్పినట్టే టేపు సంచిలో ఉంచి కాసేపు ఎదురుగా కూర్చుంటాను. కుళ్ళుకోవాలనే చూస్తాను. ఇంటి మీద రాదు. ఆవిడ మీదే వస్తుంది.