సూర్యాపేట దాకా కొట్టిన టికెట్

మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పోయే బస్సులో ఒక కండక్టరమ్మ ఉండేది. పేరు అడగలేదు. ఆధార్ కార్డు కంటే ముందు మనిషి కాళ్లు చూసేది. ఎవరికి సీటు ఇప్పించాలో అట్లా తేల్చేది.

నా గుండె కవాటం చెడిందని మిర్యాలగూడ డాక్టరు మాత్రలు రాసి, ఆరు నెలలకు రమ్మన్నాడు. మూడో నెలకే పడుకుంటే ఊపిరి ఆడలేదు. గడువు కాలేదు కదా అని ఊరుకున్నాను.

ఒకరోజు మా ఊరికి పోదామని బస్సెక్కుతూ, మూడు మెట్లకు రెండుసార్లు ఆగాను. నా మందుల సంగతి తెలిసిన కండక్టరమ్మ నా కాళ్ల వైపు చూసింది.

"అవ్వా, పోయిన నెల ఒక్క ఊపుల ఎక్కినవ్. గా కాళ్లేంది, చెప్పులల్ల పడతలేవ్? ఇంకో డాక్టర్‌కు సూపియ్యి."

"మాత్రలింకా ఉన్నయ్ బిడ్డా. అయిపోనీ."

"నువ్వే ముందు అయిపోతవ్!"

మా స్టేజీ దగ్గర లేవబోయాను.

"సూర్యాపేట దాకా కొట్టిన. నడుమల దిగితే టికెట్ ఖరాబైతది, నీ ఇష్టం."

ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే టికెట్టే. అయినా వృథా చేయడానికి మనసొప్పలేదు. కూర్చున్నాను. సూర్యాపేటలో ఆమే ఆటో ఎక్కించి గుండె డాక్టరు దగ్గరికి పంపింది.

ఆయన పరీక్షలు చేయించి, కవాటం బాగా ఇరుకైంది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు.

"ఇంకో నెల ఆగితే కష్టమయ్యేది. ఎవరు చెప్పిండ్రమ్మా రమ్మని?"

"నాకే అనుమానమొచ్చింది సారూ."

"తెలివైనదానివి," అన్నాడు.

ఆ మెప్పు కండక్టరమ్మది. ఆపరేషనయి బతికాను కాబట్టి, ఆమెది ఆమెకు ఇక్కడ అప్పజెబుతున్నాను.