పులిని కట్టేసినోడు

ఈ వయసులో నాకు కావాల్సింది ఒకటే, నన్ను తిట్టే మనిషి. నవ్వుతారేమో, నవ్వండి. ముప్పై ఏండ్లు బెంగళూరులో ఈ కాడుగోడి చుట్టూ ఏ సైటు ఎవురిదంటే నేను చెప్పిందే మాట. నా పేరు చెప్పి జనాన్ని కొట్టినారు, నేను చెప్తే కూడా కొట్టినారు. రెండుసార్లు జైలుకు పోయొచ్చినా. అన్నీ వదిలేసి పదేండ్లయింది, జనానికి భయం మాత్రం పోలేదు. హోటల్లో నేను కూచుంటే పక్క టేబులోళ్ళు కాఫీ గబగబా తాగి లేస్తారు. నాకు ఎదురు మాట్లాడే ఒక్క మనిషి నా భార్య. ఆమె పోయి నాలుగేండ్లు.

అట్లాంటప్పుడు పార్కులో ఆయన దొరికినాడు. మదనపల్లె వైపు మనిషి. బొమ్మసంద్రలో ఫిట్టరుగా చేసి రిటైరై, కొత్తగా ఈ పక్కకు ఇల్లు మారినాడు. నేనెవరో తెలీదు. సిమెంటు బెంచీ మీద సుద్దముక్కతో పులిజూదం గీసి, "రాప్పా, ఆడతావా?" అన్యాడు. మూడు గులకరాళ్ళు నా పులులు, పదైదు చింతగింజలు ఆయన మేకలు. పులి మేక మీంచి దూకి తినాల. మేకలన్నీ చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టెయ్యాల.

అబ్బా, ఏం ఆటప్పా ఆయనది! నెలరోజులు ఒక్కసారి కూడా గెలవనియ్యలేదు. "ఏమప్పా, నీ పులికి కండ్లు లేవా? చెయ్యి తియ్యి, దొంగాట ఆడొద్దు!" అని చేతి మీద ఒక్కటిచ్చినాడు కూడా. నా చేతి మీద! ఇంటికొచ్చి ఆ చెయ్యి చూసుకుని ఒక్కడినే నవ్వుకున్యా. లేచేటప్పుడు రోజూ "రేపొస్తానప్పా" అంటాడు. ఆ మాట పట్టుకుని మిగతా రోజంతా గడిపేటోణ్ణి.

మొన్న సోమవారం ఆట మధ్యలో నా పాత మనిషి ఒకడు కారు దిగొచ్చినాడు. ఇప్పుడు ఎలక్షన్లలో నిలబడతాడు. అందరి ముందరా నా కాళ్ళకు మొక్కి, "అన్న చెయ్యెత్తితే ఈ రోడ్డంతా షట్టర్లు పడేవి, తెలుసా మీకు?" అని ఆయనకు చెప్పినాడు. నోర్ముయ్‌రా అనేలోపే అయిపోయింది. ఆయన చింతగింజలు ఏరి జేబులో వేసుకున్యాడు.

రాడేమో అని మరుసటి రోజు గంట ముందే పోయి సుమ్మనే, ఊరికే కూచున్యా. వచ్చినాడు. బెంచీ అంచున కూచుని గీతలు గీసి, "ఆడండన్నా" అన్యాడు.

అన్నా! నాకంటే నాలుగేండ్లు పెద్దాయన.

మేకను తెచ్చి నా పులి నోటి ముందర పెట్టినాడు. నేను తినకుండా పులిని పక్కకు జరిపినా. అక్కడికే ఇంకో మేకను తెచ్చినాడు. "కట్టెయ్యప్పా, మొన్నటి మాదిరి తిట్టి కట్టెయ్" అన్యా. బతిమాలినా, నిజంగా బతిమాలినా. "తప్పయిపోయిందన్నా" అని చేతులు కట్టుకున్యాడు. ఇంకా సాగదీస్తే ఆయన్ని హింస పెట్టినట్టే. అందుకే తిన్యా, పెట్టిన మేకనల్లా తిన్యా.

ఆట అయిపోయినాక లేచి నిలబడినాడు. "మీరే గెలిచినారు. పొమ్మంటే పోతానన్నా."

పొమ్మన్యా.