మామ్మగారి కొబ్బరిచెట్టు

ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను గోల్ఫ్ ఆడతానంటే మా పటమటలో ఎవరూ నమ్మరు. నేను కారు నడిపే సారు పాత గోల్ఫ్ కర్ర ఒకటిచ్చి, "బంతి కర్ర చివరున్న పలకకి నడిమధ్యన తగలాలిరా, ప్రాక్టీసు చెయ్యి" అన్నారు. పోయిన వేసవిలో రోజూ పొద్దున్నే డాబా మీద దోమతెర కట్టి దాంట్లోకి కొట్టేవాణ్ణి. బంతి ఎక్కడ తగిలిందో తెలియడానికి ఆ పలకకి ముగ్గుపిండి రాసేవాణ్ణి. నెల రోజులూ అంచుకే తగిలింది.

ఒకరోజు ఠంగుమని సరిగ్గా మధ్యలో తగిలింది. నేనింకా మురిసిపోతూనే ఉన్నాను, బంతి దోమతెర చింపుకుని పోయింది. పక్కింటి పెరట్లోంచి "అమ్మో!" అని కేక. పరుగెత్తాను. ఒంటరిగా ఉండే మామ్మగారు తల పట్టుకుని కొబ్బరిచెట్టు కింద కూలబడ్డారు. వేళ్ల సందుల్లోంచి రక్తం. బంతి తీసి గబుక్కున జేబులో వేసుకుని, ఆవిణ్ణి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. మూడు కుట్లు పడ్డాయి.

"పిందె రాలి పడిందిరా అబ్బాయ్. మీ తాతగారు పోయేముందు నాటిన చెట్టని ఇన్నాళ్లూ ఉంచాను. ఇక కొట్టించేస్తా" అన్నారు.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "పిందె కాబట్టి సరిపోయింది మామ్మగారూ, కాయైతే తాతగారి దగ్గరికే పంపేది" అని జోకు వచ్చింది. ఆవిడ నవ్వారు. మర్నాడే చెట్టు కొట్టించేశారు.

సాయంత్రం కాయలన్నీ మా ఇంటికే పంపారు, "వేళకి నువ్వు రాకపోతే ఏమైపోయేదాన్నో" అంటూ. మా ఆవిడ వాటితో చేసిన పచ్చడి నేను ముట్టలేదు.

ఇది అచ్చయితే పుస్తకం నేనే తీసుకెళ్లి మామ్మగారి చేతిలో పెడతాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివేవరకూ అక్కడే నిలబడతాను.