రెండు కడ్డీల గాజులు

మనవరాలు శ్రావణి కంప్యూటర్ మీటలు టకటక కొడుతుంటే, ఇనుప కడ్డీకి గాజులు ఎక్కించే చప్పుడు ఇన్నట్టే అయింది నాకు. కాలేజీ పని రాక మొహం మాడ్చుకొని కూర్చున్నది. "చూడు నానమ్మా, రెండు వరుసలల్ల అవే అంకెలు, అదే క్రమం. సమానమా అనడిగితే ఈ కంప్యూటర్ కాదంటున్నది."

"ఎందుకట్ల?"

"ఒక్కో వరుస ఒక డబ్బా అనుకో. లోపలున్న అంకెలు చూడదు. రెండూ ఒక్క డబ్బానేనా అని మాత్రమే చూస్తది."

ఆ మాటకు నాకు అనసూయమ్మ యాదికొచ్చింది. మూడో తరగతిల బడి బందు చేయించి, మా అమ్మ నన్ను ఆమె లక్కగాజుల కార్ఖానల కూర్చోబెట్టింది. ఆమెను అందరం పెద్దమ్మ అనేటోళ్లం. పెళ్లిగాజులు ఎడమ చేతివి ఒక కడ్డీకి, కుడి చేతివి ఇంకో కడ్డీకి ఎక్కించి పక్కపక్కన నిలబెట్టేది. "ముందు ఎత్తు చూడు పిల్లా. ఎత్తే కలవకుంటే ఇంక కండ్లు అరగదీసుకునుడెందుకు? కలిస్తే కిందికెళ్లి పైకి ఒక్కోటి చూడు. ఒక్కటి తప్పినా జోడీ కాదు." పచ్చగాజులు రెండు దిక్కుల అన్నే ఉన్నయి కదా అని నేనొకసారి అంటే నెత్తి మీద మొట్టింది. "అన్నే ఉంటె సరిపోతదా? ఎక్కడిదక్కడ ఉండాలె."

నాకు వచ్చిన చదువంతా అదే.

లక్క కరిగించే బొగ్గుల పొయ్యి కాడ నా వేళ్లు బొబ్బలెక్కేవి. దూరంగ కూర్చొని జోడీలు కట్టే చెక్కపలక మీదికి పోతే ఆ సెగ తప్పుతది. పలక మీద ఇద్దరికి జాగ ఖాళీ అయింది. తను కట్టి పెట్టిన నమూనా కడ్డీకి సరిగ్గ సరిపోయేటట్టు కట్టినోళ్లకు ఆ జాగ అన్నది పెద్దమ్మ. నేనొకటి కట్టిన, ఆమె అక్క బిడ్డ సుజాత ఒకటి కట్టింది. రెండూ నమూనా పక్కన పెట్టి నేనే కిందికెళ్లి పైకి చూసిన. ఎక్కడా తేడా లేదు.

పెద్దమ్మ సుజాతను పలక మీదికి పొమ్మన్నది. నా కడ్డీని కాలితో పక్కకు జరిపింది. "నీది జోడీ కాదు."

"ఒక్కసారి చూడు పెద్దమ్మా. ఏ గాజు తప్పింది?"

"చూసేదేమున్నది? నువ్వు మా ఇంటి పిల్లవా? పొయ్యి చల్లారుతున్నది, పో."

పోయిన. పెండ్లయ్యేదాక ఆ పొయ్యి కాడనే ఉన్న. ఇప్పటికీ నా రెండు వేళ్లకు వేడి తెల్వదు.

"మరి ఇప్పుడేం జేస్తవ్?" అని శ్రావణినడిగిన.

"ముందు పొడుగు చూసి, తర్వాత ఒక్కోటి పోల్చమని మనమే రాసియ్యాలె." రాసింది. సమానమే అన్నది కంప్యూటర్.

దానికి చెప్పేదాక తెల్వదు, చెప్తే చూసింది. పెద్దమ్మకు తెల్వక కాదు. ఆమె నేర్పిన చూపుతోనే ఇయ్యాల్టికీ ప్రతీదీ పక్కపక్కన పెట్టి చూస్త. ఆమె ఇచ్చిన ఆ చదువు ఉంచుకున్న. ఆమెను మాత్రం మాఫ్ చెయ్యలే.