చందా ఇవ్వని ఆంటీ

పోయిన మంగళవారం మా పై ఫ్లాట్ ఆంటీ పోయారు. ఇక్కడ అమెరికాలో కడసారి చూపుకి ఉంచే ఫ్యూనరల్ హోమ్‌లో అందరూ ఆవిడ మంచితనం గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లలో సగంమంది ఏళ్ల తరబడి ఆవిడ మొహం చూడనివాళ్లే.

ఎందుకో చెబుతాను. ఆదివారాలు పిల్లలకు లెక్కలు చెప్పే అంకుల్ ఒకడుండేవాడు. వాడికి మర్యాద ఇవ్వను. లెక్కలకొచ్చే ఒక పిల్లతో తప్పుగా ప్రవర్తించిన కేసులో వాడు దోషి అని కోర్టు తేల్చింది. పోలీస్ స్టేషన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి, జైలుకి బదులు నిఘాలో బయట ఉంచినందుకు నెలనెలా ప్రొబేషన్ ఫీజు కట్టాలి. ఉద్యోగం ఊడింది. పాపం మనవాడు, ఫీజు కట్టకపోతే జైల్లో వేస్తారంటూ మా ఊరి తెలుగువాళ్లు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో చందా పట్టారు. ఆ పిల్ల నేనే. పేరు బయటికి రాలేదు. మా నాన్న కూడా చందా ఇచ్చారు. ఇవ్వకపోతే ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుందని ఆయన భయం.

చందా అడిగేసరికి ఆంటీ పెరుగన్నం తింటున్నారు. ఎంగిలిచేత్తోనే లేచారు.

"ఫీజు కౌంటీ సర్కారుకి కడతాడు, బానే ఉంది. అతగాడు తప్పు చేసింది కౌంటీకి కాదు గదండీ. ఆ పిల్లకి కౌన్సెలింగ్ ఫీజు ఎవరు కడుతున్నారు?"

ఎవరూ కట్టడం లేదు. ఖర్చనీ, నలుగురికీ తెలుస్తుందనీ మా ఇంట్లో నన్ను మధ్యలోనే మాన్పించేశారు. మెట్ల మీద నా వాలకం చూసి, మా అమ్మను నిలదీసి సంగతి రాబట్టింది ఆంటీ ఒక్కరే.

అప్పట్నుంచి గురువారాలు హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ దిగి తన కార్లో నన్ను కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లేవారు. ఫీజు ఆవిడే కట్టేవారు. లోపలికి రాకుండా, ఒళ్లో పేపర్ పరుచుకుని చిక్కుడుకాయలు బాగుచేస్తూ కార్లో కూర్చునేవారు. లోపల ఏం మాట్లాడావని ఏనాడూ అడగలేదు. సగం కాయలు నా ఒళ్లో పోసేవారు. ఒకవైపే ఈనె తీస్తే కసిరేవారు. "రెండోవైపు మీ తాతొచ్చి తీస్తాడా?" ఈ రాస్తున్న తెలుగు కూడా ఆ కార్లో నేర్చుకున్నదే.

వాడేమో కట్టాల్సింది కట్టేశానని దర్జాగా తిరిగేవాడు. బారసాలలకూ పెళ్లిళ్లకూ వాణ్ణి పిలిచారు, ఆంటీని పిలవడం మానేశారు. పోనీలేవే, వాళ్ల పప్పులో ఎలాగూ ఉప్పుండదు అనేవారావిడ.

అప్పట్లో వాడి కోసం చందా పట్టిన పెద్దమనిషే నిన్న మా తలుపు తట్టాడు. ఆంటీ పేరు మీద స్కాలర్‌షిప్ పెడతారట, చందా కావాలట. నేను ఆవిడ మాటే అడిగాను.

"ఆ పిల్లకి ఫీజు ఎవరు కట్టారో తెలుసా అంకుల్?"

"ఏ పిల్లమ్మా?"

"నేనే."

వెనక మా నాన్న టీవీ కట్టేశారు. వచ్చినాయన చేతిలో పెన్ను అలాగే పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నేను టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ముందేసుకున్నాను. కాసేపటికి మా నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తలెత్తకుండా ఒక కాయ తీసుకుని ఈనె లాగి గిన్నెలో వేయబోయారు.

"రెండోవైపు కూడా నాన్నా," అన్నాను.