నా రాస్తారోకోలో చిక్కిన నా అవిశ్వాసం

ఉపసర్పంచ్‌ను కుర్చీ దింపబోయి, ఆయన్ను అదే కుర్చీలో మేకులు కొట్టి మరీ కూర్చోబెట్టిన ఘనుణ్ని నేను. ఇందులో శత్రువుల సాయం ఏమీ లేదు. ఆ సర్వనాశనం పూర్తిగా నా స్వయంకృషి.

తెలంగాణ కోసం రోజుకో బంద్ జరుగుతున్న కాలం. నర్సింహులపేట దగ్గర మా ఊళ్ళో నేను ఇరవై ఆరేళ్ల వార్డు మెంబర్ని, పైగా ఉద్యమ సంఘం నాయకుణ్ని. మైకు కనబడితే నా చెయ్యి దురద పెట్టేది. సర్పంచ్ మంచాన పడడంతో పెత్తనమంతా ఉపసర్పంచ్ నర్సయ్యదే. నీళ్ల పైపు ఊరి చివరి ఇంటిదాకా వచ్చి ఆగిపోయింది. తండాకు కూడా వెయ్యమంటే "చూద్దాం" అనేవాడు. బిందెలు మోసి మోసి విసిగిన తండా మెంబర్ సోమ్లక్క ఒకరోజు నా దగ్గరికొచ్చింది.

"నర్సయ్యను దింపు తమ్మీ. నీ ఎనక నేనుంట."

అవిశ్వాసం నోటీసుకు సగం మంది సంతకాలు చాలు. నెగ్గాలంటే మూడింట రెండు వంతుల మంది చేతులెత్తాలి. అంటే మా పన్నెండు మందిలో ఎనిమిది. నాతో కలిపి సరిగ్గా ఎనిమిది మందిమే ఉన్నాం. నేనూ సోమ్లక్కా మహబూబాబాద్ వెళ్లి నోటీసు ఆర్డీవో చేతికిచ్చాం. ఆయన మీటింగుకు రోజు ఖరారు చేశాడు, పొద్దున పదకొండింటికి. ఈలోగా ఒక్క మెంబర్ని నర్సయ్య లాగేసినా అంతే సంగతులు. అందుకని అందరినీ జీపెక్కించి కాళేశ్వరం తీసుకెళ్లి మూడు రోజులు దర్శనాలు చేయించాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

సరిగ్గా ఆ మీటింగు రోజే తొర్రూరు రోడ్డు మీద రాస్తారోకోకు పిలుపిచ్చింది కూడా నేనే. కరపత్రంలో నా పేరు పెద్దక్షరాల్లో పడిందా లేదా అని చూశానే తప్ప తారీఖు చూడలేదు.

మీటింగు నాడు పొద్దున అందరం జీపులో తిరిగొస్తుంటే, ఊరు నాలుగు కిలోమీటర్లుందనగా ముందు లారీల వరస. టైము తొమ్మిదిన్నర. దిగి వెళ్లి చూస్తే రోడ్డుకడ్డంగా మా సంఘమే, పక్కన పొయ్యిల మీద వంటావార్పు. సైకిల్ షాపు రాజును పక్కకు పిలిచాను.

"మన జీపొక్కటి ఇడువుండ్రి రాజూ. జర అర్జెంటు."

"దవాఖాన బండి తప్ప ఏదీ ఇడువద్దన్నది నువ్వే గదా అన్నా. మమ్ముల పరీక్ష జేస్తున్నవా?"

"పరీక్ష గాదు, నిజంగనే."

"'నేనొచ్చి అడిగినా ఇడువద్దు' అని గూడ నువ్వే చెప్పినవ్."

చెప్పాను. చప్పట్ల కోసం చెప్పాను. ఇంతలో ఎవరో మైకు చేతిలో పెట్టారు. రెండు ముక్కలు మాట్లాడి జీపు దాటించుకుందామనుకున్నాను. మీరు నమ్మరుగానీ, ఆ రెండు ముక్కలకు రెండు గంటలు పట్టింది. జనం చప్పట్లు కొడుతుంటే ఎట్లా దిగుతాం చెప్పండి?

దిగి చూస్తే నా మెంబర్లు బంతిలో కూర్చుని వేడి కిచిడీ తింటున్నారు. తినేవాళ్లను లేపొద్దని ఒకాయన నాకే సుద్దులు చెప్పాడు. సోమ్లక్క మాత్రం లేదు. నర్సయ్య లాగేశాడనుకున్నాను. మిగతావాళ్లను తిన్నవెంటనే రమ్మని చెప్పి, చేలకడ్డంపడి ఊరికి పరుగెత్తాను.

పంచాయతీ ఆఫీసు చేరేసరికి పన్నెండు దాటింది. గంటలోపు కోరం లేకపోతే మీటింగు రద్దు, నోటీసు చెల్లదు. ఆర్డీవో ఫైలు కట్టేస్తున్నాడు. మళ్లీ ఏడాదిదాకా అవిశ్వాసం పెట్టడానికి వీల్లేదన్నాడు. ఏడాదికల్లా మా పదవులే ఉండవు. గదిలో ఒకవైపు నర్సయ్య. ఎదురుగా సోమ్లక్క, మోకాళ్లదాకా బురదతో. మా ఎనిమిది మందిలో వేళకొచ్చింది ఆమె ఒక్కతే.

నర్సయ్య నా భుజం తట్టాడు. "నా మనుషులు గూడ నన్ను గింత గట్టిగ కాపాడలే తమ్మీ."

సోమ్లక్క నవ్వలేదు. "నేను నడిచొచ్చిన. నువ్వేం జేస్తున్నవ్?"

"మాట్లాడుతున్న అక్కా."

"నీ మాటలతోని మా తండాకు ఎన్ని బిందెల నీళ్లొచ్చినయ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే ఆర్డీవో సాక్షిగా భీషణ ప్రతిజ్ఞ చేశాను: నావాళ్లు అవతల ఉండగా రోడ్డు ఆపను, ఆపినా మైకు ముట్టను. సోమ్లక్కకు అది చాలలేదు. కొత్త పంచాయతీ వచ్చి పైపు వేసేదాకా రోజూ రెండు బిందెలు తండాకు మోయాలని శిక్ష వేసింది. మోశాను. మోస్తున్నంతసేపు నోరు తెరవకూడదన్నది షరతు.